కమాండర్ దూలయ్య

ఏప్రిల్ 8, 2006. శనివారం. భద్రాచలం.

నవమి అయిపోయింది. కల్యాణం ఫొటోలు నాలుగు పేజీల నిండా వేసుకుని ఖమ్మం డెస్కు నిన్నటితో భద్రాచలాన్ని మరిచిపోయింది. మళ్లీ నవమి దాకా వాళ్ల లెక్కలో ఇక్కడ దేవుడు లేడు. ఉంటే గింటే నెత్తురుండాలి.

పొద్దున్నే ఉదయ్ భాస్కర్ ఫోన్. మా ఎడిషన్ ఇన్‌చార్జి. కొత్తగూడెం దాటి ఇటు అడుగు పెట్టిన పాపాన పోలేదు. అయినా అడవి గురించి నాకు పాఠాలు చెబుతాడు.

"రావు గారూ, మీ పేజీ చప్పగా ఉంటోందండీ. పక్క పేపరు చూశారా?"

చూశాను. 'ఉలిక్కిపడ్డ ఏజెన్సీ' అని ఏడు కాలమ్‌లు పరిచారు. నిన్నంతా నేను ఏజెన్సీలోనే తిరిగాను. ఏజెన్సీ ఇప్పపూలు ఎండబెట్టుకుంటోంది. ఎవరూ ఉలిక్కిపడలేదు. కుక్క కూడా లేచి మొరగలేదు.

డెస్కు దగ్గర పది మాటలున్నాయి. ఉలికిపాటు, కలకలం, పంజా, గురి, నీడ, వణుకు... వాటినే అటూ ఇటూ మార్చి రోజుకో పేజీ వండుతారు. ఏసీ గదిలో కూర్చున్న వాడికి వణుకు తప్ప ఇంకేం తోస్తుంది.

నేను వాళ్లలాంటి వాణ్ణి కాను. పన్నెండేళ్లుగా చూసిందే రాస్తున్నాను.


ఏప్రిల్ 9

చూసింది రాస్తాను. చూసిందాన్ని ఎవడూ వేయడు.


ఏప్రిల్ 12, బుధవారం

ఇప్పలగుంపు వెళ్లొచ్చాను. సరిహద్దు వాగు అవతలి నుంచి జనం వస్తున్నారని బస్టాండులో విని, దూలయ్య బండి ఎక్కాను.

దూలయ్య కోయ. ఊరు ఇప్పలగుంపే. మంగీలాల్ అనే ఆయనకున్న కమాండర్ జీపు నడుపుతాడు. పది మంది పట్టే బండిలో పాతిక మందిని కుక్కి, ఇంకో ఇద్దరిని బానెట్ మీద కూర్చోబెట్టి, వాళ్ల భుజాల సందులోంచి రోడ్డు చూస్తూ తోలతాడు. ఇక్కడ ఏ డ్రైవరునైనా బండి పేరుతోనే పిలుస్తారు. ట్రాక్టర్ రమణ, లారీ గోపాలు. అలాగే ఈయన కమాండర్ దూలయ్య. పిల్లలు కూడా "కమాండర్ మామా" అని పరుగెత్తుకొస్తారు.

వాగు దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. ఆడవాళ్లే ఎక్కువ. కుండలు, బొంతలు, గంపలో రెండు కోళ్లు. ఒక ముసలాయన గొడ్డలి ఒక్కటే తెచ్చుకున్నాడు. దూలయ్య వాళ్లతో కోయలో మాట్లాడాడు. పన్నెండేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా నాకు ఆ భాషలో నాలుగు మాటలు రావు. రావాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

"ఎవరు దూలయ్యా వీళ్లు?"

"మా చుట్టాలే సారూ. అవతల ఊరు కాలబెట్టిండ్రంట. మూడు దినాలు నడిచిండ్రు, కాళ్లు బొబ్బలెక్కినయ్. గుంపు దాక నేనే ఎక్కించుకపోతున్న."

"ఎవరు తగలబెట్టారు?"

"ఎవళ్లయితేంది సారూ, కాలినంక."

మూడు ట్రిప్పుల్లో అందరినీ గుంపుకు చేర్చాడు. అక్కడ ఆయన భార్య ఆదెమ్మ పెద్ద కుండలో జొన్న జావ కాస్తోంది. నేను కెమెరా తీసి బొమ్మలు తీస్తుంటే కాసేపు చూసింది.

"బొమ్మలు తర్వాత తీద్దువు గాని, గా చెంబు ఇటియ్యి సారూ."

ఇచ్చాను. నాకు పని చెప్పే ఆడమనిషి మా ఇంట్లో ఒకతే అనుకున్నాను ఇన్నాళ్లూ.

సాయంత్రం బొమ్మల రీలు ఖమ్మం బస్సులో వేసి, కాపీ ఫ్యాక్స్ చేశాను. ఒక్క పేజీ. కాలిన ఊరు, నడక, బొబ్బలు, జావ. 'కమాండర్ దూలయ్య వారిని సరిహద్దు వాగు దాటించి ఇప్పలగుంపు చేర్చాడు' అని చివర్లో రాశాను. పన్నెండేళ్లలో ఇంత శుభ్రమైన కాపీ పంపలేదు.


ఏప్రిల్ 14, శుక్రవారం

మొదటి పేజీ. ఏడు కాలమ్‌లు.

'సరిహద్దు దాటిన దళం'. దాని కింద, 'కమాండర్ దూలయ్య సారథ్యంలో నలభై మంది. వణుకుతున్న మన్యం'.

కాలిన ఊరు లేదు. బొబ్బలు లేవు. జావ లేదు. నేను తీసిన బొమ్మే వేశారు. ఆడవాళ్ల కళ్ల మీద నల్ల పట్టీలు అతికించారు. కళ్ల మీద పట్టీ వేస్తే మా అత్తగారు బుల్లెమ్మ కూడా బ్యాంకు దోచినట్టే కనిపిస్తుంది. కుండలున్న మూట చుట్టూ ఎర్ర గుండ్రం గీసి 'మూటల్లో ఏముంది?' అని అడిగారు. ఏముంటుంది, అంటుకుపోయిన అంబలి ఉంటుంది.

ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేశాను.

"కమాండర్ అంటే జీపండీ. ఆయన జీపు డ్రైవరు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"జీపా? మరి జీపని రాయాలి కదండీ."

"ఇక్కడందరూ అలాగే పిలుస్తారు."

"ఇక్కడ ఎవరికి తెలుస్తుందండీ? సరేలెండి. రెస్పాన్స్ మాత్రం అదిరింది. సత్తుపల్లిలో తొమ్మిదింటికల్లా కాపీలు లేవు."

సవరణ వేద్దామన్నాను. నవ్వాడు. పక్క పేపరు వాళ్లు రేపు ఇదే ఫాలో అవుతున్నారట. వాళ్లు అవునన్నాక మనం కాదంటే పరువు పోతుందట. దళం వాళ్లే లేఖ రాసి 'దూలయ్య మా వాడు కాడు' అని ఖండిస్తే మాత్రం భేషుగ్గా వేస్తాడట, బాక్సు కట్టి.

నా వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. 'దళం' అన్నది డెస్కు చేర్చింది.


ఏప్రిల్ 15

పక్క పేపరు ప్రకారం దూలయ్య వయసు ముప్పై ఎనిమిది. పదేళ్లుగా అజ్ఞాతం. చేతిలో ఏకే నలభై ఏడు.

రోజుకు మూడుసార్లు బస్టాండు ముందు నిలబడి గొంతు పోయేలా "చర్ల, చర్ల" అని అరిచే మనిషి పదేళ్లుగా అజ్ఞాతంలో ఉన్నాడు. పోలీసు స్టేషను అక్కడికి రెండు వందల గజాలు. ఆ వార్త రాసిన పెద్దమనిషి కూడా దూలయ్య బండిలోనే ఊళ్లు తిరుగుతాడు. ముందు సీటు కావాలని పట్టుబడతాడు కూడా.

ఛీ. వీళ్ల మధ్యా నా బతుకు.


ఏప్రిల్ 16, ఆదివారం

పొద్దున దూలయ్య ఇంటికి వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. చేతిలో మా పేపరు, మడత పెట్టిన మొదటి పేజీ.

"సారూ, నా పేరు పేపర్ల పడ్డదంట గద. కొట్టు కాడ చూసిన. గిది నా బండి. గీమె మా ఆదెమ్మ, గరిటె పట్టుకున్నది చూడు."

చూశాను. గరిటెను కూడా డెస్కు వదల్లేదు, కొంచెం నల్లగా దిద్దారు.

"కండ్ల మీద గీ నల్లపట్టి ఏంది సారూ?"

"మర్యాదకు. ఆడవాళ్లు కదా, మొహాలు కనపడకుండా."

"మంచి పని చేసిండ్రు." అరుగు మీద కూర్చున్నాడు. "నాకు సదువు రాదు గద సారూ. జర సదివి చెప్పు. నువ్వే రాసినవంట."

నేను పేపరు అందుకున్నాను. చెప్పేద్దామనే అందుకున్నాను. ఆ మనిషి చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, బళ్లో పిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. నేను చదివాను.

"ఇల్లు కాలి, మూడు రోజులు నడిచి వచ్చిన నలభై మందిని ఇప్పలగుంపు వాసి దూలయ్య తన జీపులో క్షేమంగా చేర్చాడు. ఆయన భార్య ఆదెమ్మ అందరికీ జావ కాచి పోసింది. అడిగే వాళ్లు లేని చోట ఇలాంటి మనుషులుండబట్టే ఈ అడవిలో ఇంకా పొయ్యిలు వెలుగుతున్నాయి."

ఆఖరి వాక్యం ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకే తెలియదు. కాగితం మీద ఇంత మంచి వాక్యం నేనెప్పుడూ రాయలేదు.

"మల్లోపారి సదువు సారూ."

మళ్లీ చదివాను. మాట తేడా రాకుండా చదివాను. 'సరిహద్దు దాటిన దళం' అన్న అక్షరాల మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి జరుపుకుంటూ.

దూలయ్య పేపరు అందుకుని మడత సరిచేసుకున్నాడు. తర్వాత, "పొయ్యిల మాట మంచిగ రాసినవ్ సారూ" అన్నాడు. చెమటకు తడవకుండా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటే ఇవ్వమన్నాడు. మా ఆవిడ రాజ్యశ్రీ లోపలి నుంచి తెచ్చి ఇచ్చింది. అందులో పెట్టుకుని, గుండె దగ్గర జేబులో దోపుకుని వెళ్లాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆ పేపరు ఆమె శుక్రవారమే చదివింది.

"అందులో అలా లేదు కదండీ."

"లేదు."

"మరి?"

"పాపం, సంతోషపడతాడని."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.


ఏప్రిల్ 17

ఆలోచిస్తే నేను చేసిందే మంచిది. ఉన్నది చెబితే భయపడతాడు. భయపడితే అడవిలోకి పరుగెడతాడు. పరుగెత్తేవాణ్ణి ఎవరు ఏమనుకుంటారు? ఇప్పుడు హాయిగా బండి తోలుకుంటున్నాడు. నాలుగు రోజులు పోతే డెస్కు ఇంకెవరినో పట్టుకుంటుంది.


ఏప్రిల్ 19, బుధవారం

రెండు రోజులు పోయాయి. డెస్కు ఎవరినీ పట్టుకోలేదు.

బలగాలు దిగాయి. ఇప్పలగుంపు బడిలో మకాం వేశారు. పిల్లలకు సెలవు. కమాండర్ కోసం అడవంతా గాలిస్తున్నారు, బడి ముందు నుంచే పోయే జీపును ఎవరూ ఆపలేదు. వాగు దాటి వచ్చిన నలభై మందిని వ్యాన్లు ఎక్కించి, వాగు దాకా తీసుకెళ్లి, అవతలికి పొమ్మన్నారు. గొడ్డలి ముసలాయన కూడా వెళ్లాడు, గొడ్డలి లేకుండా. దాన్ని ఆయుధమని ఉంచుకున్నారు. ఏ ఊరికి వెళతారని నేను అడగలేదు. అడిగితే జవాబు రాయాలి.

రేపటి హెడ్డింగు ఉదయ్ భాస్కర్ ఫోన్లోనే చదివి వినిపించాడు. 'తిప్పికొట్టిన బలగాలు'. ఆడవాళ్లనూ కుండలనూ తిప్పికొట్టారు. గంపలో కోళ్లను కూడా.

దమ్మపేట నుంచి మా మామగారు ఫోన్. ఆయిల్‌పామ్ తోటలో కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ మా పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు. "ఏవయ్యా, మీ అడవి తగలబడిపోతోందంటగా? ఇంకో రెండు బెటాలియన్లు దింపితే గానీ లాభం లేదయ్యా" అన్నారు. ఆయన జన్మలో కోయ మనిషితో కూలి విషయం తప్ప మాట్లాడలేదు. అయినా బెటాలియన్ల లెక్క ఆయనకు తెలుసు. మేమే నేర్పాం. రోజుకింత కాఫీలో కలిపి పోస్తున్నాం.


ఏప్రిల్ 20

డెస్కు నుంచి ఆర్డరు. 'ఎవరీ దూలయ్య?' అని అర పేజీ కావాలట.

రాశాను. నేను కాకపోతే ఇంకొకడు రాస్తాడు, ఇంకా ఘోరంగా రాస్తాడు. నేను రాశాను గనకే ఏకే నలభై ఏడును తపంచా చేశాను. పక్క పేపరు పదేళ్లంది, నేను నాలుగేళ్లన్నాను. ఆదెమ్మ పేరు అసలు తేలేదు. దూలయ్యకు ఈ జిల్లాలో ఇంతకన్నా మేలు చేసినవాడు లేడు.


ఏప్రిల్ 21

వేశారు. తపంచా తీసేసి ఏకే నలభై ఏడే పెట్టారు. ఆదెమ్మ పేరు చేర్చారు. 'దళ వంటలక్క' అట.


ఏప్రిల్ 22, శనివారం

ఒక సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. పన్నెండో తారీకు కాపీలో ముందు 'కమాండర్ జీపు డ్రైవరు దూలయ్య' అనే రాశాను. తర్వాత రెండు మాటలు కొట్టేశాను. వాక్యం పొడుగైంది, అందుకు. పొడుగు వాక్యాలు డెస్కుకు గిట్టవు.

అంతకు మించి ఏమీ లేదు.


ఏప్రిల్ 25, మంగళవారం

దూలయ్యను పట్టుకున్నారు.

జీపు యజమాని మంగీలాల్ వచ్చి చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెక్‌పోస్టు కాడ బండి ఆపిండ్రు సారూ. కొత్తోళ్లు, ఈడోళ్లు కాదు. కార్డేదంటే ఇంటి కాడున్నదన్నడు. మళ్ల జేబులకెల్లి కవరు తీసి, గండ్లకెల్లి పేపరు తీసి ఆళ్ల చేతిల పెట్టిండు. 'గిండ్ల నా గురించే ఉన్నది, సదువుకోండ్రి' అన్నడు."

"ఆయనే ఇచ్చాడా?"

"అవ్ సారూ. నవ్వుకుంట ఇచ్చిండు. ఆళ్లకు తెలుగు రాదు. ఒక కానిస్టేబుల్‌ను పిలిచిండ్రు. ఆడు సదివిండు. నేను ఎనక సీట్ల ఉన్న. గా పేపర్ల ఏమున్నది సారూ, గట్ల మీద పడ్డరు?"

మంగీలాల్‌కూ చదువు రాదు. నేను మంచినీళ్లు తెప్పించాను. ఆయన తాగకుండానే వెళ్లాడు, బండి స్టేషన్లో ఉందని.

రాజ్యశ్రీ పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు.


ఏప్రిల్ 26, బుధవారం

పొద్దున సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కబురు పెట్టాడు. వెళ్లాను. ప్లాస్టిక్ కవరు ఆయన టేబుల్ మీదే ఉంది.

"రావుగారూ, నిన్నటి సంది ఒక్కటే పాట. విలేకరి సారును పిలవండ్రి, ఆయన సదివి చెప్తడు అంటుండు. ఏం సదివినవ్ వానికి?"

నేను కవరు వంక చూస్తూ కూర్చున్నాను.

"సరే, అది నీ యవ్వారం. నాకు తెల్వదా వాడు జీపు డ్రైవరని? నా పెండ్లాన్ని పర్ణశాలకు తీస్కపోయిందే వాడు. గాని పన్నెండు రోజుల సంది మూడు పేపర్లు కమాండర్ కమాండర్ అంటున్నయ్. పైనుంచి ఫోన్లు. నేను జీపంటే ఎవడింటడు? నన్నే అమ్ముడుపోయిండంటరు." ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "తప్పు పడ్డదని రాసియ్యి. కమాండర్ అంటే జీపు, వార్త రాసిన నేనే చెప్తున్న అని రెండు లైన్లు. సంతకం పెట్టు. గదే పైకి పంపిస్త, వాణ్ణి ఇంటికి పంపిస్త. రేపు పొద్దున పదింటి దాక టైమున్నది. మళ్ల నా చేతిల ఉండదు."

పోలీసు వాడు విలేకరిని నిజం రాయమని బతిమాలుతున్నాడు. పన్నెండేళ్లలో ఇది ఒక్కటే అసలైన వార్త. ఇది వేయరు.

డెస్కును అడిగి చెబుతానన్నాను. ఆయన నా మొహం వంక చూసి, కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

ఉదయ్ భాస్కర్ అంతా విన్నాడు. "మన వార్త తప్పని మన మనిషే పోలీసులకు సంతకం పెట్టి ఇస్తాడా? పెట్టండి. పెట్టి, ఆ చేత్తోనే మీ కార్డు కూడా పోస్టులో వేసేయండి" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే నెల స్టాఫర్ల లిస్టులో మీ పేరు పంపానండీ, ఇక నెల జీతమే" అన్నాడు.

తిట్టాలనుకున్నాను. థాంక్స్ అన్నాను.


ఏప్రిల్ 27, గురువారం

ఒళ్లు వేడిగా ఉంది. జ్వరం. బయటికి వెళ్లే స్థితిలో లేను.

రాజ్యశ్రీ థర్మామీటరు పెట్టింది. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. థర్మామీటరు పాడైంది.

"నేను తీసుకెళ్లి ఇస్తాను. మీరు పడుకునే రాయండి, రెండు లైన్లే కదా" అంది. కాగితం, కలం దిండు పక్కన పెట్టింది. తొమ్మిదిన్నరకు చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

పది దాటింది.

పదకొండు దాటాక మళ్లీ ఇంటి చీర కట్టుకుంది.


ఏప్రిల్ 28, శుక్రవారం

ప్రెస్ మీట్. జ్వరం తగ్గింది, వెళ్లాను.

టీ, సమోసాలు. పోలీసు పెద్ద సారు కొత్తగూడెం నుంచి వచ్చాడు. టేబుల్ మీద ఎర్ర గుడ్డ పరిచి దాని మీద ఒక తుపాకీ, కొన్ని కాగితాలు, మా పేపరు. పక్కన మొహానికి నల్ల ముసుగు వేసిన మనిషి. ఆలివ్ రంగు బట్టలు కొత్తవి, రెండు సైజులు పెద్దవి. చొక్కా చేతులు వేళ్ల దాకా జారాయి. చెప్పులు మాత్రం ఆయనవే, ఎడమ కాలిది పిన్నీసు పెట్టిన హవాయి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెనక వరసలో నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

ఒకడు లేచి, దళంలో ఎప్పుడు చేరాడని అడిగాడు. ఇంకొకడు, ఎన్ని ఘటనల్లో ఉన్నాడని అడిగాడు. అజ్ఞాతం రాసిన పెద్దమనిషి రెండో సమోసా తింటున్నాడు. అందరూ అడిగి నేను ఊరుకుంటే బాగుండదని, నేనూ ఏదో అడిగాను. లొంగిపోయాడా, పట్టుకున్నారా అనో ఏదో.

నా గొంతు వినగానే ముసుగు ఇటు తిరిగింది.

"సారూ, అచ్చినవా? మంచిగైంది. ఈళ్లు పేపరు ఉల్టా సదువుతుండ్రు సారూ. నువ్వు రాసింది నువ్వే జర సదివి చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. పెద్ద సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏం చదవమంటున్నాడండీ?"

"మన పేపరే. మెచ్చుకుంటూ రాశామట" అన్నాను.

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెద్ద సారు మా పేపరు తీసి, నవ్వుతూ నా చేతికిచ్చాడు. "చదవండి, వింటాడు."

చదివాను. ఈసారి అందులో ఉన్నదే చదివాను. దళం, సారథ్యం, వణుకు, మూటల్లో ఏముంది. మైకు ఉంది గనక గొంతు బాగా వినిపించింది. చదవడం అయిపోయాక ముసుగు కాసేపు అలాగే నా వైపు ఉండిపోయింది.

"గిది వేరే పేపరా సారూ?"

"అవును" అన్నాను. "ఇది వేరేది."

"గట్ల చెప్పు మరి" అన్నాడు దూలయ్య. నా మీద నమ్మకం కుదిరి భుజాలు కిందికి దించాడు. తీసుకెళ్లారు.


ఏప్రిల్ 29

రిమాండు. వరంగల్ జైలు.

వాక్యం పొడుగు కాలేదు. 'జీపు డ్రైవరు' అంటే లోపలి పేజీలో సింగిల్ కాలమ్. 'కమాండర్' అని ఊరుకుంటే డెస్కు ఏం చేస్తుందో నాకు తెలుసు. పన్నెండేళ్ల నుంచి తెలుసు. తెలిసే కొట్టేశాను. ఉదయ్ భాస్కర్ ఏసీ గదిలో కూర్చున్న వెధవ. వాడికి తెలియదు. నాకు తెలుసు.


మే 2

స్టాఫర్ల లిస్టు వచ్చింది. నా పేరుంది.


మే 5, శుక్రవారం

ఆదెమ్మ వచ్చింది. ఇప్పలగుంపు నుంచి నడిచి సగం, లారీలో సగం. కమాండర్లు ఆ దారిన తిరగడం లేదు. రాజ్యశ్రీ అన్నం పెడతానంటే వద్దని, మంచినీళ్లు తాగి అరుగు మీద కూర్చుంది.

"వరంగల్ పోయిన సారూ. చూపెట్టిండ్రు మా ఆయన్ని. మంచిగనే ఉన్నడు. వకీలు సారు ఒకాయన గిట్లాంటోళ్ల కేసులు చూస్తడంట. పైస తీస్కోడు. మీ ఆయన మంచోడని ఏమన్న కాయితం ఉన్నదా అన్నడు. ఏ కాయితం ఉంటది మాకు? గప్పుడు మా ఆయనే చెప్పిండు. విలేకరి సారు రాసిన పేపరు ఉన్నది, అండ్ల నా పేరున్నది, నీ పేరున్నది, జావ కాసిన సంగతున్నది అని. వకీలు సారు దుంకిండు. గది జడ్జి సారుకు చూపెడితె బెయిలు అస్తదన్నడు. సోమారం కోర్టు. గా పేపరు ఒకటియ్యి సారూ."

నేను ఆమెకు చెప్పాలనే నోరు తెరిచాను.

"అది పాత పేపరు ఆదెమ్మా. దొరకడం కష్టం."

"ఎతుకు సారూ. నీ ఇంట్ల దొరకకుంటె ఇంకేడ దొరుకుతది?"

గుమ్మంలో రాజ్యశ్రీ ఉంది. ఆమె చూపు తప్పించుకుని ఈ గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. గంట నుంచి ఇక్కడే ఉన్నాను. వెతుకుతున్న చప్పుడు రావాలని మధ్యమధ్య ఒక కట్ట తీసి కింద పడేస్తున్నాను. దుమ్ముకు తుమ్ములు వస్తే గట్టిగా తుమ్ముతున్నాను. పడేసిన కట్టల మధ్య కూర్చుని ఇది రాసుకుంటున్నాను. ఏ మాటా కొట్టేయకుండా పేజీలకు పేజీలు రాస్తున్నాను. ఇది ఎవడూ చదవడు గనక.

ఇందాక తలుపు సందులోంచి రాజ్యశ్రీ గొంతు వినిపించింది. "ఆయనకు దొరకదమ్మా" అంది ఆదెమ్మతో. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పమని నేను అనలేదు, వద్దనీ అనలేదు.

ఆదెమ్మ లేచి తలుపు దాకా వచ్చింది. తోయలేదు. బయటి నుంచే అంది.

"దొరకకుంటె ఏమాయె సారూ, మల్ల రాయి. నువ్వు రాసిందే గద, నీకు యాదికుంటది. నేను కూసుంట."